మన పుస్తకం మీద పడే వెలుతురు ఎంత?

హాస్టల్లో చదివిన వాళ్లందరికీ తెలిసిన విషయమే. సాయంత్రం స్టడీ అవర్ బెల్లు కొట్టగానే ట్యూబులైటు కింద చోటు కోసం పరుగు మొదలవుతుంది. ఆ చోటు పదో తరగతి వాళ్లకు దక్కుతుంది. ఆరో తరగతి పిల్లలకు గోడ మూల మిగులుతుంది. ట్యూబు కిందకూ ఆ మూలకూ తేడా ఎంతో కొలవవచ్చు, లెక్క కూడా కట్టవచ్చు. ఎలాగో తెలుసుకుందాం.

దీపం నుండి వెలువడే మొత్తం వెలుతురును ల్యూమెన్లలో చెబుతారు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే అది ఒక లక్స్. బోరు ఎన్ని నీళ్లు పోస్తోందన్నది ల్యూమెన్ వంటిది, మన మడికి ఎంత అందిందన్నది లక్స్ వంటిది. వాట్లంటే కరెంటు ఖర్చు మాత్రమే. పాత 60 వాట్ల బల్బు దాదాపు 700 ల్యూమెన్లు ఇచ్చేది. నేటి 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు 900 దాకా ఇస్తుంది. కనుక కొనేటప్పుడు డబ్బా మీద ల్యూమెన్లు చూడాలి.

మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులు. పండు వెన్నెల పావు లక్సు. తరగతి గదికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3646 చెప్పేది మామూలుగా 300 లక్సులు. మన కన్ను వెన్నెలకూ ఎండకూ కూడా సర్దుకుపోతుంది. అందుకే ఎవరైనా గుమ్మంలో నిలబడి చూసి "వెలుతురు బాగానే ఉంది కదా" అంటే ఆ మాటను లెక్కలోకి తీసుకోలేం. మసక వెలుతురులో రెండు గంటలు చదివితే కళ్లు లాగుతాయి, తల నొప్పి వస్తుంది, లైన్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు నిద్ర వస్తే పిల్లవాడు సోమరి అంటారు.

దూరం సంగతి చూద్దాం. 900 ల్యూమెన్ల బల్బు అన్ని వైపులకూ సమానంగా వెలుగుతుందనుకుంటే, నేరుగా కింద ఒక మీటరు దూరంలో దాదాపు 72 లక్సులు పడతాయి. రెండు మీటర్లకు అది సగం కాదు, నాలుగో వంతు, అంటే 18. ఆ స్థానం నుండి ఇంకో రెండు మీటర్లు పక్కకు జరిగి కూర్చున్న వాడికి సుమారు 6 మాత్రమే. దూరం పెరగడం ఒక కారణం. వెలుతురు ఏటవాలుగా పడి ఎక్కువ చోటుకు పరుచుకోవడం రెండోది. గోడల నుండి తిరిగి వచ్చేది కొంత కలుస్తుంది గానీ, మూలన కూర్చున్న తమ్ముడి బాధ అబద్ధం కాదు.

హాలు మొత్తానికి లెక్క వేరు. 9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు హాలు అనుకుందాం. వైశాల్యం 54 చదరపు మీటర్లు. 300 లక్సులు కావాలంటే పుస్తకాల ఎత్తుకు 16,200 ల్యూమెన్లు చేరాలి. కాలువలో నీళ్లు ఇంకినట్టే దారిలో వెలుతురు కూడా పోతుంది. గోడలు, పైకప్పు తాగినది పోగా మిగిలే భాగాన్ని యుటిలైజేషన్ ఫ్యాక్టర్ అంటారు. తెల్లని గోడలుంటే సుమారు 0.5 అనుకోవచ్చు. దుమ్ము వల్ల, ట్యూబు పాతబడడం వల్ల తగ్గేదానికి మెయింటెనెన్స్ ఫ్యాక్టర్ 0.7 వేద్దాం. రెండూ గుణిస్తే 0.35. 16,200ను 0.35తో భాగిస్తే 46,286 వస్తుంది. 2,000 ల్యూమెన్లు ఇచ్చే 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులైతే 24 కావాలి. భయపడనక్కరలేదు, మొత్తం 480 వాట్లు, ఆరేడు మామూలు ఫ్యాన్ల కరెంటు.

అదే హాలులో ఆరే ట్యూబులుంటే? 12,000ను 0.35తో గుణించి 54తో భాగిస్తే 78 లక్సులు. గోడలు తలనూనె మరకలతో, పాత బ్యాచిల అన్నలు రాసి వెళ్లిన పేర్లతో నల్లబడి, ట్యూబుల మీద దుమ్ము పేరుకుంటే 0.5 కాస్తా 0.35, 0.7 కాస్తా 0.5 అవుతాయనుకుందాం. అప్పుడు మిగిలేది 39 లక్సులు, సరిగ్గా సగం. అంటే సున్నం వేసి, ట్యూబులు తుడిస్తే ఒక్క యూనిట్ కరెంటు పెరగకుండా వెలుతురు రెట్టింపవుతుంది. తుడిచేటప్పుడు మాత్రం మెయిన్ ఆపి, పొడిగుడ్డ వాడాలి.

ఇంకో మాట. ఈ లెక్కలు చెప్పే పుస్తకాలు బల్ల ఎత్తును తీసుకుంటాయి. మనం నేల మీద కూర్చుంటాం, పుస్తకం ట్రంకు పెట్టె మీదో ఒళ్లోనో ఉంటుంది. ఆ మేరకు దూరం పెరుగుతుంది. ట్యూబు ఫ్యాను రెక్కలకు పైన ఉంటే నీడలు తిరగడం అదనం.

కొలవడానికి లక్స్ మీటరు వాడతారు. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఉంటే ఒక పూట అడిగి తెచ్చుకోవచ్చు. సెల్‌ఫోన్‌లోని సెన్సారుతో కొలిచే అప్లికేషన్లు కచ్చితమైన అంకె చెప్పకపోయినా, ఒకే ఫోనుతో ఒక చోటును మరో చోటుతో పోల్చడానికి పనికొస్తాయి. చీకటి పడ్డాక నేలను మీటరు గళ్లుగా సుద్దతో గీసి, ప్రతి గడి మధ్యలో పుస్తకం ఎత్తున, మన నీడ పడకుండా అంకె రాసుకోవాలి. అన్నీ కూడి గళ్ల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. అతి తక్కువ అంకె ఆ సగటులో 0.7 వంతుకు తగ్గకూడదు. తగ్గితే ఉన్న ట్యూబుల స్థానం మార్చినా కొంత సర్దుబాటవుతుంది.

వార్డెన్ గారికి ఇచ్చే అర్జీలో "వెలుతురు చాలడం లేదు" అని రాసి ఊరుకోకుండా, హాలు కొలతలు, ట్యూబుల సంఖ్య, సగటు లక్సులు, మూలన వచ్చిన అంకె, కావలసిన 300 ఒకే కాగితం మీద రాసి, గళ్ల పటం జతచేయండి. పై ఆఫీసుకు పంపేటప్పుడు ఆయనకూ అదే ఆధారం.