ద్రాక్షతోటలో ఒక పూట

కుటుంబ పత్రికలో మద్యం కబుర్లేమిటని పాఠకులు కోపగించుకోరాదు. చెప్పబోయేది తాగుడు సంగతి కాదు, సేద్యం సంగతి.

నాసిక్‌కు పడమరగా గోదావరి మీద గంగాపూర్ జలాశయం ఉన్నది. రాజమహేంద్రవరం దగ్గర సముద్రమంత వెడల్పున చూసిన గోదావరి ఇక్కడ ఇంకా పసిబిడ్డ. ఆ చుట్టుపట్ల ఒక మరాఠీ రైతుకుటుంబం తమ తోటలోనే వైను తయారు చేస్తున్నదని విని, మాఘమాసంలో ఇంటిల్లిపాదీ వెళ్ళాము. ఇంటి పెద్దను అందరూ 'అణ్ణా' అంటారు. ఆ పిలుపు మనకు కొత్త కాదు గదా!

తెల్లవారక మునుపే కోత మొదలైనది. ఎండపడితే పండు వేడెక్కి రసం పాడవుతుందట. మా పిల్లలు ఒక్కొక్క పండు నోట వేసుకుని ముఖం చిట్లించారు. తొక్క మందం, లోపల గింజలు. బజారు ద్రాక్షకంటె చిన్నదే గాని తీపి ఎక్కువ. రసంలో చక్కెర నూటికి 24 పాళ్ళున్నప్పుడు కోస్తే, పులిసిన పిమ్మట మద్యసారం సుమారు 13 పాళ్ళు తేలుతుంది. ఒక సీసాకు కిలోకు పైగా పళ్ళు కావాలి.

షెడ్డులోని ఉక్కుతొట్లను అణ్ణా కోడలు చూపించినది. తెల్లవైనుకు ముందుగా రసం పిండి, తొక్క తీసివేసి పులియబెడతారు. ఎర్రవైనుకు తొక్కతో సహా పులియబెడతారు, రంగంతా తొక్కలోనే ఉన్నది గనుక. ఈస్టు చక్కెరను తిని మద్యసారాన్ని, బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. పాడుబావిలో వలె ఆ వాయువు మనిషి ప్రాణం తీయగలదు. అందుచేత ఖాళీ చేసిన తొట్టిలోనైనా గాలి బాగా ఆడనిదే ఎవరూ దిగరు.

"మన ద్రాక్షారిష్టం కూడా పులిసినదే గదా!" అన్నది మా ఆవిడ. ఆ అమ్మాయి నవ్వినది.

అణ్ణా మెడలో తులసిమాల కనిపించినది. మాల వేసుకున్న వార్కరీలు మద్యమాంసాలు ముట్టరు. మరి ఈ వ్యాపారమేమిటని అడగలేక అడిగాను.

"ఒక ఏడు బొంబాయి బజారులో ధర పడిపోయినది. బండి కిరాయి కూడా రాదని తెలిసి, పండునంతా దారిలో పారబోసి వచ్చాను. ఆ రాత్రి అన్నం తినలేదు. మావాడు వైను మాట ఎత్తితే ఆరు నెలలు వానితో మాట్లాడలేదు. చివరకు ఒప్పుకున్నాను. నేటికీ చుక్క ముట్టలేదు," అన్నాడు.

2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రోత్సాహకాలు ప్రకటించగా చాలామంది రైతులు ఈ పనిలో దిగారు. 2008 ఆర్థిక మాంద్యంలో సరుకు నిలిచిపోయి చిన్నవారు కొందరు మూతవేసుకున్నారు. 2014 మార్చిలో వడగళ్ళు తోటలను చితకగొట్టాయి. ఈ కుటుంబం రెండు దెబ్బలకూ తట్టుకుని నిలిచినది. అయినా, కోత ముగిసేదాకా అణ్ణా చూపు మబ్బుల మీదనే.

వచ్చేటప్పుడు పిల్లల చేతికి చెరి రెండు గుత్తులిచ్చి, డబ్బు పుచ్చుకోలేదు.

ఆనాటినుండి మా వీధిలో ద్రాక్షబండి వద్ద మా ఆవిడ గీచి గీచి బేరమాడటం మానివేసినది.