రాయికి విలువ కట్టేదెలా?

రాయలసీమలో, తెలంగాణలో చేల గట్ల వెంట తెల్లటి పలుగురాళ్లు కుప్పలుగా కనిపిస్తాయి. దున్నేటప్పుడు నాగలికి అడ్డం వస్తున్నాయని రైతులు ఏరి పారేసినవే అవన్నీ. అదే పలుగురాయి ఆరు పలకలతో, పైన మొనదేలి, అవతలి వైపు కనిపించేంత తేటగా దొరికితే మ్యూజియంలో అద్దాల పెట్టెలోకి చేరుతుంది. రెండింటిలోనూ ఉన్నది సిలికానే. తేడా వచ్చింది పెరిగిన చోటు వల్ల. గట్టు మీది రాయి సన్నని పగులులో పుట్టింది. చుట్టూ ఉన్న బండ నొక్కిపెట్టడంతో, పక్కపక్కనే పెరిగే స్ఫటికాలు ఒకదాన్నొకటి అడ్డుకోవడంతో పలకలు తేలే వీలు దానికి దొరకలేదు. రెండోది ఖాళీ జాగాలో, తీరిగ్గా పెరిగింది.

ఖనిజ నమూనాలు సేకరించేవాళ్లు వెతికేది ఇలా తీరిగ్గా పెరిగిన రాళ్లనే. కొన, అంచు, మెరుపు, రంగు, అమరిక అంటూ వాళ్లు వేసే లెక్కలు మొదట అలంకారం గొడవగా అనిపిస్తాయి. నిజానికి ప్రతి లెక్క వెనకా ఆ స్ఫటికం ఎలా పెరిగిందనే ప్రశ్న ఉంటుంది.

లావా వదిలిన గుల్లలు

ఖాళీ జాగాలో పెరిగిన స్ఫటికాలకు ప్రపంచంలో పేరుమోసిన చోట్లలో మహారాష్ట్ర ఒకటి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట అక్కడ నేల చీలి లావా పొరమీద పొరగా పరుచుకుంది. దక్కన్ ట్రాప్స్ అనే ఆ నల్లరాతి నేల ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉంది. దాని అంచులు మన ఆదిలాబాద్, జహీరాబాద్, వికారాబాద్ ప్రాంతాల దాకా వస్తాయి. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి ప్రాంతాల్లోని నల్లరాయి కూడా ఆ కాలానిదే. ఆ లావా పాత లోయల వెంట పడమటి నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా పారి వచ్చిందని భూవిజ్ఞానులు భావిస్తున్నారు.

లావాలోని వాయువులు బుడగలుగా పైకి తేలుతుండగానే రాయి గడ్డకట్టడంతో లోపల గుల్లలు మిగిలాయి. శనగగింజంత గుల్లలే ఎక్కువ. మనిషి దూరగలిగేంత పెద్దవీ ఉన్నాయి. తర్వాతి కాలంలో రాతి సందుల్లోకి దిగిన వేడినీళ్లు బండలోని సిలికా, కాల్షియం, అల్యూమినియంలను కొద్దికొద్దిగా కరిగించి ఈ గుల్లల్లోకి చేర్చాయి. అక్కడే జియోలైట్లు అనే ఖనిజాలు, వాటితో పాటు అపోఫిల్లైట్, కాల్సైట్ పెరిగాయి. కొన్ని చోట్ల ఈ పెరుగుదల లావా చల్లారిన కోట్ల ఏళ్ల తర్వాత కూడా సాగింది.

బొంబాయి–పుణె రైలుమార్గం కోసం 19వ శతాబ్దం మధ్యలో భోర్ ఘాట్ కొండల్ని తొలిచినప్పుడు ఇలాంటి గుల్లలు చాలా బయటపడి, వాటిలోని నమూనాలు ఇంగ్లండు మ్యూజియాలకు వెళ్లాయి. ఇప్పుడు అవి బయటపడేది జల్‌గావ్, నాసిక్, పుణె చుట్టుపక్కల కంకర క్వారీల్లో, బావుల తవ్వకాల్లో. మందు పేల్చాక గుల్ల తెరుచుకుంటే, కూలీలు ఓపిగ్గా ఉలితో చుట్టూ చెక్కి నమూనాను బయటికి తీస్తారు. ఎవరి కంటా పడనివి రాయితో పాటు క్రషర్‌లో నలిగి రోడ్ల కిందికి పోతాయి.

ముందు కొన చూడాలి

నమూనా చేతికి రాగానే అనుభవజ్ఞుడు పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో మొదట కొనల్ని, అంచుల్ని చూస్తాడు. దెబ్బ ముందు తగిలేది అక్కడే. ప్రధాన స్ఫటికం కొన విరిగితే విలువ సగానికి పైగా పడిపోవచ్చు. వెనక వైపు, కనబడని చోట చిన్న దెబ్బ ఉంటే అంత పట్టించుకోరు.

అపోఫిల్లైట్ విషయంలో ఒక చిక్కుంది. దాని కాఠిన్యం మోస్ కొలతలో 4.5 నుంచి 5 వరకే. పైగా అడుగు తలానికి సమాంతరంగా చాలా తేలిగ్గా చీలుతుంది. మొన విరిగినప్పుడు మొరటు గాయం మిగలదు, ముత్యపు మెరుపుతో నున్నటి పలక తేలుతుంది. సహజంగానే చదునుగా ముగిసే అపోఫిల్లైట్లు కూడా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు ఆ తెగిన పలకను పుట్టుకతో వచ్చిందే అనుకుంటారు. పక్కనున్న స్ఫటికాలన్నీ మొనదేలి, ఒక్కటి మాత్రం చదునుగా ఉంటే అనుమానించాలి.

అసంపూర్ణంగా ఉన్న ప్రతి చోటూ దెబ్బ కాదు. రెండు స్ఫటికాలు పెరుగుతూ ఒకదానికొకటి ఆనుకుంటే అక్కడ పలక ఏర్పడదు, పక్కదాని అచ్చు మిగులుతుంది. ఆ చోట సన్నని గీతలో, మసక తలమో ఉంటుంది. దాన్ని ఎవరూ లోపంగా లెక్కించరు. విరిగిన చోట మాత్రం తాజా మెరుపు ఉంటుంది. పలుగురాయిలోనైతే గాజు పగిలినట్టు వంపులు కనిపిస్తాయి. కొన్నిసార్లు భూమిలోనే విరిగి, ఆ గాయం మీద మళ్లీ చిన్నచిన్న పలకలు పెరిగిన స్ఫటికాలు దొరుకుతాయి. వాటికి ప్రత్యేకంగా గిరాకీ ఉంది.

మెరుపు కూడా చరిత్ర చెబుతుంది. పెరుగుదల ఆగిపోయాక నీటి గుణం మారితే అదే నీరు స్ఫటికాన్ని తిరిగి కరిగించి తలాన్ని మసకబారుస్తుంది. ఎంత కడిగినా ఆ మసక పోదు. రంగుకు కారణం తరచూ అణుమాత్రపు మలినమే. పుణె, జల్‌గావ్‌ల ఆకుపచ్చ అపోఫిల్లైట్‌కు ఆ రంగు వచ్చింది కాస్తంత వనేడియం చేరడం వల్ల.

పరిమాణం ఈ లెక్కల తర్వాతే వస్తుంది. ఒక అంగుళంలోపు నమూనాలకు థంబ్‌నెయిల్ అని వేరే తరగతే ఉంది. లోపం లేని థంబ్‌నెయిల్ ముందు దెబ్బతిన్న ఐదు కిలోల బండ తేలిపోతుంది.

దేని మీద ఏది పెరిగింది?

ఒంటరి స్ఫటికం కన్నా పుట్టిన రాతిముక్కతో, అంటే మాతృశిలతో సహా ఉన్న నమూనాకు ఎక్కువ విలువ. గుల్లలో జరిగిన కథ వరస అందులో కనిపిస్తుంది. కింద ఉన్నది ముందు పుట్టింది, మీద కూర్చున్నది తర్వాత పుట్టింది. నల్లరాయిని ఆనుకుని ఆకుపచ్చ బంకమన్ను పొర, దాని మీద కాల్సెడొనీ, ఆపైన లేత నారింజ రంగు స్టిల్‌బైట్ అనే జియోలైట్, చివర అపోఫిల్లైట్ ఉంటే, నీటి రసాయనం ఏ క్రమంలో మారిందో పొరల్ని బట్టి చెప్పొచ్చు. కంటికి ఇంపైన రంగుల పొందిక కూడా ఆ మార్పుల వల్లే వచ్చింది.

పుణె దగ్గరి వాఘోలి క్వారీల క్యావన్‌సైట్ ఇందుకు మంచి ఉదాహరణ. ఈ నీలి ఖనిజాన్ని మొదట 1967లో అమెరికాలోని ఆరెగాన్‌లో కనుగొన్నారు. అక్కడ దొరికినవి చిన్న స్ఫటికాలు. 1980ల చివర్లో వాఘోలిలో తెల్లటి స్టిల్‌బైట్ పరుపు మీద ముదురు నీలం గుత్తులుగా ఇది బయటపడేసరికి ప్రపంచమంతటి సేకర్తల చూపు అటు తిరిగింది. అరుదైన ఖనిజం, రంగుల తేడా, పుట్టిన వరస మూడూ ఒకే ముక్కలో కలిసొచ్చాయి.

మోసాలు

విరిగిన స్ఫటికాన్ని, లేదా వేరే రాయి నుంచి తీసినదాన్ని జిగురుతో అతికించడం అన్నిటికన్నా పాత మోసం. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే చాలా జిగుర్లు తెల్లగానో నీలంగానో వెలుగుతాయి. కొన్ని కాల్సైట్లు సహజంగానే వెలుగుతాయి కాబట్టి అతుకు గీత వెంట కనబడే వెలుగునే అనుమానించాలి. తెల్లటి నూగు ఉండల్లా పెరిగే ఓకెనైట్‌కు గులాబి, నీలం అద్దకాలు వేసి అమ్ముతారు. ఊదారంగు అమెథిస్ట్‌ను కాల్చి సిట్రిన్ అంటారు. అడుగు తెల్లగా, కొన మాత్రం కాలిన నారింజ రంగులో ఉండటం దాని గుర్తు. పొలాల్లో వాడే మైలుతుత్తాన్ని నీళ్లలో కరిగించి పెద్ద నీలి స్ఫటికాలుగా పెంచి, గనిలో దొరికాయని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. ఆ స్ఫటికాలు నీళ్లలో మళ్లీ కరిగిపోతాయి.

ఇంట్లో నిలవాలంటే

స్టిల్‌బైట్‌ను మెత్తటి బ్రష్‌తో, నీళ్లతో కడగొచ్చు. నూగులా ఉండే ఓకెనైట్, మెసోలైట్‌లకు తడి తగిలితే పోగులు అతుక్కుపోతాయి. వాటిని చేత్తో కూడా తాకకూడదు. తెల్లటి కాల్సైట్ పెచ్చును వదిలించాలని ఆమ్లం పోస్తే దాని కింది జియోలైట్ కూడా పాడవుతుంది.

వేడి కూడా పనికిరాదు. 1756లో స్వీడన్ శాస్త్రవేత్త క్రాన్‌స్టెట్ ఒక స్ఫటికాన్ని మంటలో పెడితే అది మరిగినట్టు పొంగింది. జియోలైట్లను ప్రత్యేక వర్గంగా గుర్తించింది అప్పుడే. వాటి అణునిర్మాణంలో నీరుంటుంది, వేడికి అది బయటికి పోతుంది. అందుకే పెట్టెలో హాలోజన్ దీపం బదులు ఎల్‌ఈడీ మేలు. ఎండలో అమెథిస్ట్ వెలిసిపోవచ్చు. మన ఆయుర్వేదానికి తెలిసిన మణిశిల వెలుతురుకు పసుపు పొడిగా రాలుతుంది. తేమ గాలిలో పైరైట్ కుళ్లి ఆమ్లం పుట్టిస్తుంది, ఆ ఆమ్లం కింద పెట్టిన అట్టనూ చీటీనీ తినేస్తుంది. సముద్రతీర ఊళ్లలో దాన్ని మూతపెట్టెలో సిలికా జెల్‌తో ఉంచాలి.

చీటీ

ఖనిజం పేరు ఈరోజు తెలియకపోయినా రేపు ప్రయోగశాలలో తేలుతుంది. పుట్టిన చోటు మాత్రం ఒకసారి పోతే ఏ పరికరమూ తిరిగి చెప్పలేదు. మార్కెట్లో చాలా నమూనాల చీటీల మీద జల్‌గావ్ అనో పుణె అనో ఉంటుంది. తరచూ అవి సరుకు చేతులు మారిన ఊళ్లే. క్వారీ ఎక్కడో మరో తాలూకాలో ఉంటుంది. అలాంటి చీటీని నమ్మి ఏ భూవిజ్ఞానీ ఏ నిర్ణయానికీ రాలేడు. క్వారీని లోతుగా తవ్వేసి మూసేశాక ఆ పొరలకు మిగిలే సాక్ష్యం అల్మారాల్లోని నమూనాలే కాబట్టి ఈ నష్టం సేకర్తతో ఆగదు.

పంగిడి క్వారీలో గానీ, వికారాబాద్ వైపు బావి తవ్వకంలో గానీ గుల్ల కనబడితే యజమాని అనుమతి తీసుకుని, పేలుళ్లు లేని వేళ చూసి, మొదట ఫొటో తీయండి. ఊరు, మండలం, జిల్లా, ఎంత లోతున దొరికింది, ఏ సంవత్సరం, ఎవరి ద్వారా వచ్చింది అన్నవి రాయండి. నమూనా వెనక చిన్న చుక్క రంగు వేసి దాని మీద నంబరు, అదే నంబరు చీటీ మీద, పుస్తకంలో కూడా ఉండాలి. కొనేటప్పుడు ఊరి పేరు ముందు అడగండి, ధర తర్వాత మాట్లాడుకోవచ్చు. అమ్మేవాడు ఊరు చెప్పలేకపోతే ఆ రాయి ఇంటికి అలంకారంగా పనికొస్తుంది. దానికి అంతవరకే వెల కట్టండి.