గాలం కట్టె బలమంతా తోలులోనే

మన హాస్టల్లో చదివినవాళ్లలో ఒంటిమిట్ట చెరువులో గాలం వేయనివాళ్లు తక్కువే. కోదండరామస్వామి గుడికి వచ్చినవాళ్లు చెరువును చూసి వెళ్లిపోయేవాళ్లు. మనం మాత్రం ఆదివారం మధ్యాహ్నం బెండు ఎప్పుడు మునుగుతుందా అని కట్ట మీద కూర్చునేవాళ్లం.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు సొంతంగా ఒక గాలం కట్టె చేశాను. చూడటానికి బాగుండాలని గాజు పెంకుతో వెదురు పైతోలంతా గీకి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. తోటి పిల్లలు ముచ్చటపడ్డారు. మొదటి రోజే మంచి బొచ్చె చేప పడింది. పైకి లాగేసరికి కట్టె నడిమికి ఫట్టుమని విరిగింది. చేప, గాలం, దారం అన్నీ పోయాయి. నవ్వినవాళ్లలో కొందరు ఈ సంచిక కూడా చదువుతుంటారు.

విరిగిన ముక్కను మా ఊళ్లో గంపలు అల్లే మేదర తాతకు చూపించాను. "తోలు గీకేసినావు గదబ్బీ, ఇంక దాంట్లో ఏముంటాది?" అన్నాడు. ఒక బద్దను కత్తితో పైపొర, లోపలిపొరగా రెండుగా చీల్చి రెంటినీ వంచమన్నాడు. లోపలి బద్ద కొంచెం వంగగానే చిట్లింది. పై బద్ద గుండ్రంగా చుట్టినా విరగలేదు. గంపలో బరువు పడేచోట పై బద్దే వేస్తామని చెప్పాడు.

దీని వెనకున్న శాస్త్రం తర్వాత తెలిసింది. వెదురులో బలమిచ్చేవి నిలువునా సాగే నారపోగులు. అవి తోలు దగ్గర దట్టంగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. కట్టెను వంచినప్పుడు ఒక పక్క సాగుతుంది, ఎదురు పక్క నొక్కుకుంటుంది. ఈ రెండు ఒత్తిళ్లూ ఎక్కువగా పడేది పై అంచుల మీదే. అంటే ప్రకృతి ఎక్కడ అవసరమో అక్కడే బలం పెట్టింది. నేను గీకి పారేసింది సరిగ్గా దాన్నే.

ఇప్పుడు నేను ఇంట్లో కట్టె చేసే పద్ధతి చెబుతాను. మూడేళ్లు నిండిన గట్టి వెదురు కావాలి. లేతది ఆరితే ముడతలు పడుతుంది. మనలాంటి వానలు తక్కువున్న కొండల్లో పెరిగే సన్న వెదురు లోపల బోలు లేకుండా, ఉన్నా చాలా తక్కువగా ఉంటుంది. గాలానికి అదే మేలు. చలికాలంలో కొట్టిన కట్టె మంచిది, ఎందుకంటే కట్టెలో పిండిపదార్థం ఎక్కువుంటే పుప్పి పడుతుంది. పది పన్నెండు అడుగుల కట్టెను కొనవైపు కట్టి, మొదలుకు రాయి వేలాడదీసి, నీడలో రెండు మూడు నెలలు ఆరబెట్టాలి. ఎండలో పెడితే నెర్రెలిస్తుంది.

వంకర తీయడమే అసలు పని. వంకరున్న చోటును నిప్పుల మీద తిప్పుతూ వేడి చేస్తే తోలు చెమట పట్టినట్టు మెరుస్తుంది. అప్పుడు మోకాలికి ఆనించి, వంకరకు ఎదురుగా కొంచెం ఎక్కువే వంచి, తడిగుడ్డ చుట్టి పట్టుకోవాలి. నారలను అంటిపెట్టుకున్న లిగ్నిన్ అనే పదార్థం వేడికి మెత్తబడి, చల్లారితే మళ్లీ బిగుసుకుంటుంది. తొందరపడితే తోలు మాడుతుంది. కణుపుల దగ్గర పొడుచుకొచ్చిన గరుకును మాత్రం ఆకురాయితో తీయాలి. దారాన్ని కొనకు ఒక్కచోటే కట్టకుండా కట్టె నడిమి నుంచి చుట్టుకుంటూ కొనదాకా తేవాలి. అలా చేస్తే కొన విరిగినా చేప పోదు. చివర వార్నిష్ రెండు పూతలు చాలు.

ఇదే వెదురుతో సముద్రాలకవతల ఇంకో పెద్ద కథ నడిచింది. అమెరికా, ఇంగ్లండుల్లో ఫ్లై ఫిషింగ్ అనే వేట ఉంది. ఎరగా వానపాము బదులు ఈకలు, దారంతో చేసిన ఉత్తుత్తి ఈగను కడతారు. దానికి బరువే ఉండదు కాబట్టి విసిరితే దూరం పోదు. బరువంతా దారంలో ఉంటుంది. కట్టె స్ప్రింగులా వంగి ఆ దారాన్ని విసరాలి. అందుకే వాళ్లకు కట్టే ప్రాణం.

1840ల్లో పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో తుపాకులు, వయొలిన్లు చేసే శామ్యూల్ ఫిలిప్పీ వెదురును బద్దలుగా చీల్చి అతికించి కట్టెలు చేశాడు. 1870ల్లో మెయిన్ రాష్ట్రానికి చెందిన హైరమ్ లియోనార్డ్ ఆరు బద్దల కట్టెకు పేరు తెచ్చాడు. వాళ్లు వాడిన వెదురును 'కలకత్తా కేన్' అనేవారు, కలకత్తా రేవు నుంచి ఓడల్లో వెళ్లేది కాబట్టి. శాస్త్రీయంగా అది డెండ్రోకలామస్ స్ట్రిక్టస్. మన నల్లమల, శేషాచలం కొండల్లోని సన్న వెదురు కూడా ఆ జాతే! ఇది చదివిన రోజు నాకు మేదర తాతే గుర్తొచ్చాడు.

ఆ కట్టె చేసే తీరు ఇది. బద్దలను ఉక్కు అచ్చులో పెట్టి, మూడు మూలలూ సమానంగా ఉండే ముక్కోణంగా చిత్రిక పడతారు. మొదలు లావు, కొన సన్నం. కొలత అంగుళంలో వెయ్యో వంతు దాకా చూస్తారు. చిత్రిక లోపలి రెండు పక్కలకే, తోలు పక్క ముట్టరు. ఆరు బద్దలనూ తోలు బయటికి ఉండేలా జిగురుతో అతికిస్తే ఆరు పలకల కట్టె అవుతుంది. కణుపులన్నీ ఒకేచోట రాకుండా జరుపుతారు. ఒక్క కట్టెకు నలభై గంటలు సులువుగా పడుతుంది.

తర్వాత కలకత్తా వెదురు స్థానంలో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి టోంకిన్ వెదురు వచ్చింది. తిన్నగా, కణుపులు దూరంగా ఉండటం దాని గుణం. 1950లో కొరియా యుద్ధ సమయంలో అమెరికా చైనా సరుకును నిషేధించింది. టోంకిన్ రావడం ఆగిపోవడంతో ఫైబర్ గ్లాసు కట్టెలు మార్కెట్టును ఆక్రమించాయి. అయినా ఇంటి కొట్టాల్లో చేత్తో చేసేవాళ్లు ఈరోజుకీ ఉన్నారు. వాళ్ల కట్టె ఒక్కోటి వెయ్యి డాలర్లు దాటుతుంది. మా మేదర తాత గంప ధర మీకు తెలిసిందే.

తమ్ముళ్లకు ఒక మాట. వెదురు కోసం అడవిలోకి పోవద్దు, అక్కడ కొట్టడం నేరం. అడవి బయట పెంచిన వెదురును 2017 చట్ట సవరణతో చెట్ల జాబితా నుంచి తీసేశారు కాబట్టి తోటల్లోదైతే కొనుక్కోవచ్చు. చెరువులో చేపల హక్కు ఎవరికైనా ఇచ్చి ఉంటే వాళ్లనడిగే గాలం వేయండి. ఈత రానివాడు ఒంటరిగా తూము దగ్గర కూర్చోవద్దు.

ఆరు బద్దల కట్టెను నేనూ రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిది జిగురు దగ్గర విడిపోయింది. రెండోది కొంచెం మెలి తిరిగింది గానీ చేప బరువును మోస్తోంది. వార్షికోత్సవానికి తెస్తాను, వంచి చూడండి.