వార్తల్లో పదం: మధ్యంతర భరణం

విడాకుల కేసు నడుస్తుండగానే, చేతిలో డబ్బు లేని భాగస్వామికి రెండోవారు ఇవ్వాల్సిన సొమ్మే మధ్యంతర భరణం. 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 24వ సెక్షన్ దీనికి ఆధారం. నెలనెలా పోషణకే కాదు, లాయరు ఫీజు వంటి కేసు ఖర్చులకూ ఈ సెక్షన్ కిందే అడగవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఫీజు కట్టలేక నష్టపోయే రాజీకి ఒప్పుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. తగినంత సొంత ఆదాయం లేకపోతే భర్త కూడా అడగవచ్చు.

నోటీసు అందిన 60 రోజుల్లో ఈ అర్జీని వీలైనంతవరకు తేల్చాలని చట్టం చెబుతోంది. ఆచరణలో వాయిదాలు సాగుతూనే ఉంటాయి. అందుకే సుప్రీంకోర్టు 2020 నవంబరులో ఇచ్చిన తీర్పు ముఖ్యం. దాని ప్రకారం ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపాలి. భరణం అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె, పిల్లల ఫీజు రసీదులు ముందే భద్రం చేసుకోవాలి.

లాయరును పెట్టుకునే స్తోమతే లేకపోతే? 1987 నాటి చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.