ఐసొలేటెడ్ పవర్ సప్లై: పుట్టుక, పనితీరు, ఆగిపోయే తీరు

ఐసొలేటెడ్ పవర్ సప్లైలో కరెంటు వచ్చే వైపుకీ వాడుకునే వైపుకీ మధ్య తీగ సంబంధం ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్‌లోని అయస్కాంత క్షేత్రం ద్వారానే శక్తి అవతలికి చేరుతుంది. ఫోన్ ఛార్జర్‌ను 230 వోల్టుల ప్లగ్గులో పెట్టి, వైరు కొసను నిశ్చింతగా పట్టుకోగలిగేది ఈ ఎడం వల్లే. 1831లో మైకేల్ ఫారడే ఇనుప వలయం మీద రెండు తీగచుట్టలు చుట్టి కనిపెట్టిన ప్రేరణే దీనికి మూలం. ఒక చుట్టలో కరెంటు మారుతున్నంతసేపే రెండో చుట్టలో వోల్టేజి పుడుతుంది.

నిలకడగా పారే డీసీ అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌ను దాటలేదు. ఇది చిక్కుగా మారే చోటుకు మెట్రో రైలు ఒక ఉదాహరణ. దేశంలో తొలి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న కోల్‌కతాలో ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కిలోమీటర్ల దారిలో మొదలైంది. ఆ రైళ్లకు మూడో పట్టా నుంచి 750 వోల్టుల డీసీ అందుతుంది. బండిని లాగే మోటార్లకు పనికొచ్చే ఆ వోల్టేజిని కంట్రోల్ సర్క్యూట్లకు నేరుగా ఇవ్వలేరు. ఇలాంటి అవసరాలకు ఒకప్పుడు డీసీ మోటారుతో జనరేటర్‌ను తిప్పేవారు. ట్రాన్సిస్టర్లు వచ్చాక డీసీని సెకనుకు వేలసార్లు తెంచి, కలిపి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇవ్వడం సాధ్యమైంది. తెంచే వేగం పెరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైంది.

ఈ స్విచింగ్‌ను నడిపే చిప్పుల్లో బాగా వాడుకలోకి వచ్చింది 1980లలో యూనిట్రోడ్ సంస్థ తెచ్చిన యూసీ3842. దాని సరఫరా వోల్టేజి 16 వోల్టులకు చేరితే పని మొదలుపెడుతుంది, 10కి పడితే ఆపేస్తుంది. స్విచ్ కరెంటును కొలిచే మూడో కాలి మీద వోల్టేజి 1 వోల్టు చేరగానే ఆ పల్స్‌ను తుంచేస్తుంది. కాబట్టి సప్లై హఠాత్తుగా ఆగిందంటే చాలాసార్లు చిప్ కాపలా కాస్తోందన్నమాట. ఎలా ఆగుతోందో గమనిస్తే వెతకాల్సిన చోటు తెలుస్తుంది.

టిక్ టిక్‌మంటూ ఆగి, మళ్లీ మొదలవుతుంటే చిప్‌కు సరఫరా అందే ఏడో కాలి దగ్గరి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను ముందుగా అనుమానించాలి. మెయిన్స్ వైపు నుంచి పెద్ద రెసిస్టర్ ద్వారా అది మెల్లగా నిండుతుంది. చిప్ మేలుకున్నాక ట్రాన్స్‌ఫార్మర్‌లోని సహాయక చుట్ట కరెంటు అందించేదాకా ఆ నిల్వతోనే నడవాలి. కెపాసిటర్ ఎండిపోతే నిల్వ ముందే అయిపోతుంది. ఆసిలోస్కోప్ మీద వోల్టేజి 16, 10 మధ్య రంపపు పళ్లలా కనిపిస్తుంది. అవుట్‌పుట్ వైపు డయోడ్ షార్టయినా ఇదే బొమ్మ వస్తుంది, ఎందుకంటే అవుట్‌పుట్‌తో పాటు సహాయక చుట్ట వోల్టేజీ పడిపోతుంది. లోడు తీసేసి, కరెంటు ఆపి డయోడ్‌ను పరీక్షిస్తే తేడా తేలుతుంది. మెయిన్స్ ఇవ్వకుండా ఏడో కాలికి బయటినుంచి 17 వోల్టులిస్తే, బాగున్న చిప్ ఎనిమిదో కాలి మీద 5 వోల్టులు, ఆరో కాలి మీద పల్సులు చూపాలి.

లోడు పెంచినప్పుడే ఆగితే కరెంటు కొలిచే రెసిస్టర్ విలువను, ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సంతృప్తమవుతోందా అన్నదాన్ని చూడాలి. వేడెక్కాక ఆగితే పగిలిన సోల్డర్, గాలి ఆడని హీట్‌సింక్ కారణం కావచ్చు. ఆగేముందు అవుట్‌పుట్ పెరుగుతుంటే ఫీడ్‌బ్యాక్ దారి చెడినట్టు. ఈ సమాచారాన్ని వెలుతురుతో అవతలికి చేర్చే ఆప్టోకప్లర్ లోపలి ఎల్‌ఈడీ వాడకంలో మసకబారితే అవుట్‌పుట్ ఎంతుందో చిప్‌కు సరిగా అందదు. ఓవర్‌వోల్టేజి రక్షణ ఉన్న సర్క్యూట్ అప్పుడు ఆగిపోతుంది.

230 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే పెద్ద కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులుంటాయి. ప్లగ్గు తీశాక రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేసి, మీటర్‌తో సరిచూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. తొలిసారి ఆన్ చేసేటప్పుడు వరుసలో ఫిలమెంట్ బల్బు ఉంటే షార్టు ఉన్నా భాగాలు కాలవు. రెండు వైపులా గ్రౌండ్లు వేరు కాబట్టి ఏ వైపు కొలతకు ఆ వైపు గ్రౌండే వాడాలి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా స్కోప్ గ్రౌండ్ క్లిప్పును మెయిన్స్ వైపు తగిలిస్తే ఎర్త్ ద్వారా షార్టవుతుంది.

మరమ్మతయ్యాక పూర్తి లోడు మీద బాగా వేడెక్కేదాకా నడిపి, ఏడో కాలి వోల్టేజి నిలకడగా ఉందో లేదో చూడాలి. రెండు వైపులను కలిపే వై కెపాసిటర్ మార్చాల్సివస్తే అదే భద్రతా తరగతిది వేయాలి. చివరగా ఇన్సులేషన్ పరీక్ష కూడా నెగ్గితేనే ఆ సప్లై వాడకానికి పనికొస్తుంది.