పెట్టె అడుగున పెళ్లి జోడా

హైదరాబాద్‌లో చాలా ముస్లిం ఇళ్లలో పెట్టె అడుగున నానీమా పెళ్లినాటి ఖడా దుపట్టా ఉంటుంది. కుర్తీ, చోళీ, చుడీదార్, 6 గజాల దుపట్టా. వాటి నిండా జర్దోజీ పని. కాలం గడిచేకొద్దీ జరీ నల్లబడుతుంది, పూసలు రాలతాయి. ఇక పనికిరాదని మనం దాన్ని పాత జరీ కొనేవాడికి తూకానికి ఇచ్చేస్తాం. అతను కాల్చి వెండి తీసుకుంటాడు. కార్చోబు చట్రంపై రోజుల తరబడి వంగి కుట్టిన కారీగరు శ్రమ బూడిదవుతుంది.

నిజానికి ముందుగా చెడేది పూస కాదు, దాన్ని పట్టి ఉంచిన దారం. రాలిన పూసలను డబ్బాలో దాచుకోవాలి. వేలాడే దారాన్ని లాగకూడదు. లాగితే వరుసంతా ఊడిపోతుంది. దాన్ని వెనక్కి తీసి ముడి వేయాలి. చివికిన చోట అడుగున అదే రంగు మల్మల్ గుడ్డ పెట్టి సన్నని సూదితో కుట్టి, ఆపైన పూసలు ఎక్కించాలి. నాలుగైదు పూసలకో ముడి వేస్తే ఒకచోట తెగినా మిగతావి నిలుస్తాయి. నీళ్లలో ఉతకరాదు, అత్తరు చల్లరాదు. కొక్కేనికి తగిలిస్తే పూసల బరువుకే గుడ్డ చిరుగుతుంది. నూలుగుడ్డలో చుట్టి పరచి ఉంచాలి.

దైవప్రవక్త (స) తమ దుస్తులను తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. అలాంటప్పుడు అతుకు వేసిన జోడా తొడగడం మన ఆడపిల్లకు చిన్నతనమెలా అవుతుంది? కొత్త జోడా కోసం అప్పు చేసే ముందు ఒకసారి ఆ పెట్టె తెరిచి చూద్దాం.