బాయిలరు నీటిలో మారేదేది? మారనిదేది?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న పేటల్లో నిమ్‌పురా ఒకటి. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎందరో ఇక్కడికి వచ్చారు. ఆ తరం ఎరిగిన ఆవిరి ఇంజన్లకు బొగ్గుతో పాటు మంచి నీరూ కావాలి. కఠిన జలం మరిగితే బాయిలరులో గట్టి పెచ్చు కడుతుంది. పెచ్చు వేడిని నీటికి సరిగా చేరనివ్వదు. బొగ్గు ఎక్కువ ఖర్చవుతుంది. గొట్టాలు అతిగా వేడెక్కి పగలవచ్చు కూడా. అందుకే అలాంటి నీటిని ముందే సున్నం, సోడాలతో శుద్ధి చేసేవారు.

సోడా చేసే పనిని సమీకరణంగా రాద్దాం:

కాల్షియం సల్ఫేట్ + సోడియం కార్బొనేట్ → కాల్షియం కార్బొనేట్ + సోడియం సల్ఫేట్

నీటిలో కరిగిన లవణాలు అయాన్లుగా విడిపోయి ఉంటాయి. కాబట్టి వాటిని విడదీసి రాయాలి. అవక్షేపంగా అడుగుకు చేరే కాల్షియం కార్బొనేట్‌ను విడదీయకూడదు.

కాల్షియం²⁺ + సల్ఫేట్²⁻ + 2 సోడియం⁺ + కార్బొనేట్²⁻ → కాల్షియం కార్బొనేట్ (ఘన) + 2 సోడియం⁺ + సల్ఫేట్²⁻

సోడియం, సల్ఫేట్ రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. ఇవి ప్రేక్షక అయాన్లు. వీటిని కొట్టివేస్తే మిగిలేదే నికర అయానిక సమీకరణం:

కాల్షియం²⁺ + కార్బొనేట్²⁻ → కాల్షియం కార్బొనేట్ (ఘన)

చివరగా సరిచూసుకోవాలి. పరమాణువులు రెండు వైపులా సమానం. ఎడమ వైపు ఆవేశాల మొత్తం సున్నా, కుడి వైపూ సున్నాయే.

నీటిలో సల్ఫేట్‌కు బదులు క్లోరైడ్ ఉన్నా ఇదే సమీకరణం వస్తుంది. అంటే ఈ చర్యకు కావలసిన సోడా లెక్కకు కాల్షియం ఎంతుందో తెలిస్తే చాలు. 40 మిల్లీగ్రాముల కాల్షియానికి లెక్క ప్రకారం 106 మిల్లీగ్రాముల సోడియం కార్బొనేట్ కావాలి.

పేరుకున్న పెచ్చును ఆమ్లంతో కరిగించేటప్పుడు మరో నియమం గుర్తుంచుకోవాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం బలమైనది, నీటిలో పూర్తిగా విడిపోతుంది. కనుక హైడ్రోజన్⁺ అని రాస్తే సరిపోతుంది:

కాల్షియం కార్బొనేట్ (ఘన) + 2 హైడ్రోజన్⁺ → కాల్షియం²⁺ + నీరు + కార్బన్ డయాక్సైడ్ (వాయువు)

వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది, చాలా మటుకు అణువులుగానే ఉంటుంది. దాన్ని విడదీయకుండా రాయాలి.

కొట్టివేసినంత మాత్రాన ప్రేక్షక అయాన్లు నీటిలోంచి పోవు. బాయిలరులో నీరు ఆవిరై వెళ్లిపోతుంటే సోడియం, సల్ఫేట్ అక్కడే ఉండి చిక్కబడతాయి. నీరు నురగ కట్టి ఆవిరితో కలిసి ఎగజిమ్ముతుంది. అందుకే బాయిలరు నీటిని అప్పుడప్పుడు కొంత బయటికి వదిలేస్తారు. ఏం మారిందో నికర సమీకరణం చెబుతుంది. నీటిలో ఇంకా ఏం మిగిలిందో తెలియాలంటే పూర్తి అయానిక సమీకరణాన్నే చూడాలి.